నిధి, నిక్షేపం, జలం, పాషాణం: హైదరాబాదు భూగర్భ విజ్ఞాన చరిత్రలో కర్బనం

వ్యాస సంగ్రహం

భూమి నుంచి బొగ్గును, చమురును వెలికితీయడానికి పెంపొందిన శాస్త్రమే, వాటిని కాల్చగా పుట్టిన కార్బన్ డయాక్సైడును తిరిగి భూమిలో దాచే దారిని నేడు వెతుకుతోంది. ఈ మలుపులో హైదరాబాదుకు ఒక స్థానముంది. చార్మినార్ పరిసరాల డంగు సున్నం నుంచి సింగరేణి బొగ్గు, ఆచార్య సి. మహదేవన్ పరిశోధన జీవితం, కృష్ణా గోదావరి చమురు అన్వేషణల మీదుగా దక్కను బసాల్టు శిలలపై జరిగిన కర్బన నిక్షేపణ అధ్యయనాల వరకు సాగిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దాచడం సాధ్యమా అన్న ప్రశ్నకు సమాధానం రాయిలో ఎంత ఉందో, నీటిలోనూ బాధ్యతలోనూ అంతే ఉందని, ఆ బాధ్యతను చర్చించడానికి కావలసిన పరిభాష మన శాసనాలలో, ధర్మశాస్త్ర సంప్రదాయంలో ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: లాడ్ బజార్, డంగు సున్నం, సింగరేణి, సి. మహదేవన్, దక్కను బసాల్టు, కర్బన నిక్షేపణ, అష్టభోగాలు, ఉపనిధి.

1. ఉపోద్ఘాతం

చార్మినార్ నుంచి పడమరగా సాగే లాడ్ బజార్ లక్క గాజులకు ప్రసిద్ధి. కుంపటి మీద లక్కను మెత్తబరచి, గాజుగా చుట్టి, అది ఆరకముందే అద్దం తునకలనూ రాళ్ళనూ పొదిగే ఈ పనితనానికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. గాజుల మీదికి వెళ్ళిన చూపు సాధారణంగా గోడల మీదికి, నేల మీదికి వెళ్ళదు. అయితే భూగర్భ శాస్త్ర చరిత్రకు ఈ వీధిలో ఆధారాలు అక్కడే ఉన్నాయి. వీధి చివర నిలిచిన చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. అందులో వాడిన గ్రానైటు ఈ ప్రాంతపు సొంత రాయి. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. ఆ రాళ్ళను పట్టి ఉంచినదీ, మినార్ల మీద నగిషీలుగా మలిచినదీ సున్నం. పాతబస్తీ ఇళ్ళలో పరిచిన షాబాదు బండలు భీమా నదీ ప్రాంతపు సున్నపురాతి పలకలు. వీధికి ఉత్తరాన పారే మూసీ, వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో, దక్కను లావా రాతి అంచున పుడుతుంది.

గ్రానైటు, సున్నపురాయి, బసాల్టు అనే ఈ మూడు రాళ్ళలో రెండు కర్బన చరిత్రలో భాగమున్నవి. సున్నపురాయి పురాతన కాలంలో కార్బన్ డయాక్సైడును తనలో బంధించుకున్న రాయి. బసాల్టు ఇకముందు బంధించగలదని శాస్త్రజ్ఞులు భావిస్తున్న రాయి. ఈ రెంటి నడుమ ఒకటిన్నర శతాబ్దం పాటు బొగ్గు, చమురు, సహజ వాయువుల తవ్వకం సాగింది. ఆ తవ్వకం వల్ల ఏర్పడిన విజ్ఞానం నిక్షేపణ వైపు ఎలా తిరిగిందో, ఆ మలుపులో పరిష్కారం కాకుండా మిగిలిన ప్రశ్నలేమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. డంగు సున్నం: తిరిగి రాయి అయ్యే పద్ధతి

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చితే అందులోని కార్బన్ డయాక్సైడు విడిపోతుంది. పాత తెలుగు శాస్త్రగ్రంథాలు దీన్ని బొగ్గుపులుసు వాయువు అన్నాయి. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది, 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. దానికి నీళ్ళు పోసి చల్లార్చి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో రుబ్బితే డంగు సున్నం తయారవుతుంది. అందులో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలపడం దక్షిణాపథంలో తెలిసిన పద్ధతే. గోడకెక్కిన తరవాత ఈ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. మందమైన గోడల లోపలి భాగంలో ఈ మార్పుకు ఏళ్ళు పడుతుంది.

గాలిలోని వాయువు ఖనిజంగా మారి స్థిరపడటమే కర్బన నిక్షేపణ శాస్త్రం కోరుకునే అంతిమ ఫలితం. ఆ రసాయన చర్య చార్మినార్ గోడల్లో నాలుగు శతాబ్దాల కిందటే జరిగింది. అంతమాత్రాన మన పూర్వులు వాతావరణాన్ని శుభ్రం చేశారని చెప్పుకోవడం తగదు. సున్నం తిరిగి పీల్చుకునేది తాను కాలినప్పుడు వదిలినదాన్ని మాత్రమే. బట్టీలో కట్టెలు కాలగా వచ్చినది ఆ లెక్కకు అదనం. సున్నంలోని కాల్షియం కర్బనాన్ని మోసిన రాయి నుంచే వచ్చింది కనుక అప్పు తీరుతుందే తప్ప నిల్వ పెరగదు. కర్బనం లేని రాయి నుంచి కాల్షియం దొరికినప్పుడే కొత్తగా బంధించినట్టవుతుంది. బసాల్టు అటువంటిది. దానిలోని కాల్షియం, మెగ్నీషియం, ఇనుము సిలికేటు ఖనిజాల్లో ఉంటాయి. ఈ భేదం వ్యాసంలో ముందుకు వచ్చే చర్చకు పునాది.

సున్నం శాశ్వతమన్న నమ్మకానికీ హద్దుంది. 2019 మే నెలలో చార్మినార్ మినారు ఒకదాని నుంచి సున్నపు నగిషీ పెళ్ళ ఊడిపడింది. ఖనిజంగా మారినదానికి సైతం కాపలా, మరమ్మతు అవసరమని ఆ చిన్న సంఘటన గుర్తుచేసింది.

3. రాక్షసి బొగ్గు: తవ్వకం రాజ్య వ్యవహారంగా మారిన తీరు

భూగర్భ బొగ్గుకు తెలుగువారు పెట్టుకున్న పేరు రాక్షసి బొగ్గు. కట్టెబొగ్గుకు లేని తీవ్రత దీనికుందన్న గుర్తింపు ఆ పేరులోనే ఉంది. నిజాం రాజ్యంలో ఈ బొగ్గుకు శాస్త్రీయమైన ఉనికిని కల్పించినవాడు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. 1870ల తొలినాళ్ళలో ఆయన ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించాడు. ప్రాణహిత గోదావరి లోయ భూగర్భ నిర్మాణంపై ఆయన రాసిన విస్తృత నివేదిక 1881లో వెలువడింది. 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాలు మొదలుపెట్టింది. ఆ సంస్థే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపుదాల్చింది.

కింగ్ గీసిన పటం తవ్వకానికే ఉద్దేశించినది. ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ వంగి ఎంత లోతుకు దిగుతుందో తెలిస్తే గనికి చోటు నిర్ణయించవచ్చు. అయితే పటానికి ఉద్దేశానికి మించిన ఆయుష్షు ఉంటుంది. గోదావరి లోయలోని గోండ్వానా ఇసుకరాళ్ళు, తవ్వడానికి వీలుకానంత లోతున ఉన్న బొగ్గు పొరలు నేడు కార్బన్ డయాక్సైడుకు సంభావ్య నిల్వ స్థానాల చర్చలోకి వచ్చాయి. ఆ చర్చ జరిపేవారికి ఇప్పటికీ తొలి ఆధారం ఆ లోయ నిర్మాణాన్ని గురించి పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన పరిశీలనే. కనుక తవ్వకపు చరిత్రను పక్కనపెట్టి నిక్షేపణ చరిత్రను రాయడం కుదరదు.

4. సి. మహదేవన్: ప్రయోగశాల నుంచి సముద్ర తీరానికి

ఈ రెంటినీ కలిపే వ్యక్తిగత జీవితం కావాలంటే కాలమూర్ మహదేవన్ (1901-1962) జీవితాన్ని చూడాలి. ఆయన చమురు శాస్త్రజ్ఞుడుగా పేరుపడినవాడు కాడు. కర్బన నిక్షేపణ అన్న ఆలోచన ఆయన కాలానికి లేదు. అయినా ఆ రెండు రంగాలూ తెలుగు నేలపై నిలదొక్కుకోవడానికి అవసరమైన మూడు పద్ధతులూ ఆయన వృత్తి జీవితంలో వరుసగా కనిపిస్తాయి.

మొదటిది ప్రయోగశాల. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసిన తొలితరం పరిశోధకుల్లో మహదేవన్ ఒకడు. 1929-30 ప్రాంతంలో ఆయన బొగ్గును ఎక్స్ కిరణాలతో పరీక్షించి, దానిలో కర్బనం ఏ అమరికలో ఉందన్నదానిపై పత్రాలు ప్రకటించాడు. అంతవరకు గనికీ రైలింజనుకూ సంబంధించిన సరుకుగా ఉన్న బొగ్గు, అంతర్నిర్మాణం గల పదార్థంగా ఆయన ముందు నిలిచింది. రాయి లోపలి అతిచిన్న అమరికే దాని పెద్ద స్వభావాన్ని నిర్ణయిస్తుందన్న దృష్టి భౌతికశాస్త్రం భూగర్భశాస్త్రానికి ఇచ్చిన కానుక.

రెండవది క్షేత్రం. ఆ తరవాత ఆయన నిజాం ప్రభుత్వపు హైదరాబాద్ భూగర్భ సర్వే శాఖలో పనిచేశాడు. అప్పటి గుల్బర్గా జిల్లా సురపురం ప్రాంతంలోనూ, భీమా లోయలోనూ తిరిగి శిలల వివరాలను నమోదు చేశాడు. భీమా శిలా శ్రేణిపై ఆయన అధ్యయనం 1947లో ఆ శాఖ పత్రికలో వచ్చింది. పాతబస్తీ వాకిళ్ళలో పరిచిన షాబాదు బండలూ, తెలంగాణ అంతటా ఇళ్ళకు వాడిన తాండూరు నాపరాళ్ళూ ఆ శ్రేణికి చెందినవే. జనం కాళ్ళకింది బండకు శాస్త్ర చరిత్రలో చోటు కల్పించిన పని అది. పడమరగా పోయినకొద్దీ ఆ సున్నపురాళ్ళను దక్కను లావా కప్పేస్తుంది. ఒక రాతి మీద మరొక రాయి ఎలా పరుచుకుందో, రెంటి నడుమ ఏముందో అన్న ప్రశ్న ఇక్కడి క్షేత్రకార్యంలో సహజంగా ఎదురవుతుంది. అర్ధశతాబ్దం తరవాత చమురు అన్వేషకులకూ, నిక్షేపణ పరిశోధకులకూ అదే ప్రశ్న కీలకమైంది.

మూడవది విశ్వవిద్యాలయం. 1941లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర శాఖకు ఆ దశకంలోనే మహదేవన్ ఆచార్యుడుగా వచ్చి జీవితాంతం దాన్ని తీర్చిదిద్దాడు. విశాఖ తీరపు ఇసుకల్లోని భార ఖనిజాలపై పరిశీలనలు మొదలయ్యాయి. 1950లలో అమెరికన్ సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్‌తో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయం బంగాళాఖాతపు అడుగును పరిశీలించింది. విశాఖపట్నం ఎదుట గుర్తించిన సముద్రాంతర లోయల్లో ఒకదానికి మహదేవన్ పేరు పెట్టారు. నదులు మోసుకొచ్చిన ఒండ్రు ఎక్కడ ఎంత మందాన పేరుకుంటుందో తెలియకుండా చమురు జాడ తెలియదు. కృష్ణా గోదావరి పరీవాహక అవక్షేపాలపై తరవాతి తరం సాగించిన పనికి తగిన విద్యార్థి బలం ఇటువంటి శాఖల నుంచే వచ్చింది.

ఒక రాజ్యపు సర్వే ఉద్యోగి ఆచార్యుడు కావడంలో మరో పరిణామమూ ఉంది. సర్వే శాఖ పటం ప్రభుత్వానిది. తరగతి గది పాఠం అందరిది. భూగర్భ సమాచారం ఎవరి చేతిలో ఉండాలన్న వివాదం నేటి నిక్షేపణ చర్చలోనూ ఉంది గనుక ఈ తేడా గమనించదగినది.

5. చమురు అన్వేషణ నేర్పిన పాఠాలు

1956లో ఏర్పడిన చమురు, సహజవాయు సంస్థ 1970ల చివర నరసాపురం ప్రాంతంలో బావులు తవ్వింది. 1987లో రవ్వ క్షేత్రం బయటపడింది. 2002లో కృష్ణా గోదావరి లోతు సముద్రంలో భారీ వాయు నిక్షేపం దొరికినట్టు రిలయన్స్ ప్రకటించింది. 2009 ఏప్రిల్‌లో డి6 క్షేత్రం నుంచి ఉత్పత్తి మొదలైంది. ఈ అన్వేషణ పెంచిన జ్ఞానంలో మూడు అంశాలు నిక్షేపణకు నేరుగా పనికివస్తాయి. మొదటిది, రంధ్రాలుగల రాయి ఎంత ద్రవాన్ని నిలుపుకోగలదన్న లెక్క. రెండవది, దానిమీద మూతలా పనిచేసే గట్టి పొర ఎంత నమ్మదగినదన్న పరీక్ష. మూడవది, లోతులో జరిగేదాన్ని ఉపరితలం నుంచి భూకంప తరంగాల సాయంతో చూసే పద్ధతి. నార్వే తీరంలోని స్లైప్నర్ క్షేత్రంలో 1996 నుంచి ఏటా సుమారు 10 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడును సముద్రం అడుగు ఇసుకరాతిలోకి పంపగలిగారంటే అందుకు ఆధారం ఈ చమురు విజ్ఞానమే.

అదే అన్వేషణ హెచ్చరికలనూ మిగిల్చింది. డి6 ఉత్పత్తి 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటి, ఆపై అంచనాలకు విరుద్ధంగా వేగంగా పడిపోయింది. ఎంతో వ్యయంతో, ఎంతో పరిశీలనతో వేసిన భూగర్భ అంచనాలు కూడా తప్పవచ్చునని తేలింది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి, మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ గొట్టపు మార్గం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. కార్బన్ డయాక్సైడు మండే వాయువు కాదు. కాబట్టి ఈ ప్రమాదాలు యథాతథంగా దానికి వర్తించవు. కానీ గాలి కంటే బరువైన ఆ వాయువు పల్లంలో చేరి ఊపిరాడకుండా చేయగలదు. పైగా, గొట్టం తమ ఊరి మీదుగా పోతుందన్నప్పుడు కోనసీమ రైతు గుర్తుచేసుకునేది రసాయన సూత్రాన్ని కాదు, పాశర్లపూడినీ నగరాన్నీ. ఏ కొత్త ప్రతిపాదన అయినా ఈ జ్ఞాపకంతో మొదలు కావలసిందే.

6. దక్కను నల్లరాయి: ప్రతిపాదన, పరీక్ష

1961లో హైదరాబాదులో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ కథలో మలుపు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన దక్కను లావా, నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. దాని కింద చమురుకు అనువైన పాత అవక్షేపాలు దాగి ఉండవచ్చన్న ఆలోచనతో ఆ సంస్థ సౌరాష్ట్ర, కచ్ వంటి ప్రాంతాల్లో గురుత్వ, విద్యుత్, భూకంప తరంగ పద్ధతులతో సర్వేలు చేసింది. లావా మందమెంత, కింద అవక్షేపం ఉందా లేదా అన్నవే నాటి ప్రశ్నలు. ఇరవై ఒకటో శతాబ్దపు తొలి దశకంలో ప్రశ్న తిరగబడింది. చమురు వెతుకులాటకు అడ్డుగా భావించిన ఆ లావాయే నిల్వ స్థానం కాగలదా, దాని కింది అవక్షేపాలు కర్బనాన్ని పట్టి ఉంచగలవా అని అడగసాగారు.

2003లో కర్బన నిక్షేపణపై ఏర్పడిన అంతర్జాతీయ వేదికలో భారతదేశం వ్యవస్థాపక సభ్యురాలైంది. 2007 జనవరిలో ఈ విషయంపై అంతర్జాతీయ కార్యశాలకు హైదరాబాదులోని ఈ సంస్థ వేదికైంది. ఆ చర్చల ఆధారంగా మాల్తీ గోయల్, బి. కుమార్, ఎస్. నిర్మల్ చరణ్ సంపాదకత్వంలో 2008లో గ్రంథం వెలువడింది. పశ్చిమ భారత బసాల్టులో నిక్షేపణ సాధ్యాసాధ్యాలను సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించారు. అమెరికాలో కొలంబియా నది బసాల్టుపై పనిచేస్తున్న పసిఫిక్ నార్త్‌వెస్ట్ ప్రయోగశాల పరిశోధకులూ దక్కను రాళ్ళ వైపు చూశారు.

బసాల్టు మీది ఆశకు కారణం సరళమైనది. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడు బలహీనమైన ఆమ్లమవుతుంది. అది బసాల్టు ఖనిజాలను కరిగించి కాల్షియం, మెగ్నీషియం, ఇనుములను విడిపిస్తుంది. అవి కర్బనంతో కలిసి కార్బొనేటు ఖనిజాలుగా గడ్డకడతాయి. చార్మినార్ సున్నం గాలిలో చేసిన పనిని ఈ రాయి భూగర్భంలో చేస్తుంది. ఐస్‌లాండ్‌లో 2012లో ఈ పద్ధతిన పంపిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్ళలోపే ఖనిజంగా మారినట్టు 2016లో ప్రకటించారు. అమెరికాలోని వాలులాలో 2013లో 977 టన్నులు పంపగా, రెండేళ్ళ తరవాత తీసిన రాతి నమూనాల్లో కార్బొనేటు స్ఫటికాలు కనిపించాయి.

అయితే దక్కను బసాల్టు ఐస్‌లాండ్ బసాల్టు కాదు. అక్కడి రాయి భూగర్భశాస్త్ర కొలమానంలో పసిబిడ్డ. ఇక్కడి రాయి ఆరున్నర కోట్ల ఏళ్ళలో ఎంతో మార్పు చెందింది. లావా ప్రవాహాల పైభాగాన బుడగల వల్ల ఏర్పడిన రంధ్రాల్లో చాలామటుకు జియోలైటు, కాల్సైటు ఖనిజాలు అప్పటికే నిండిపోయాయి. వాయువుకు చోటిచ్చే ఖాళీ కొంత తగ్గిందన్నమాట. ప్రవాహాల నడుమ ఉండే ఎర్రమట్టి పొరలూ, గట్టి మధ్యభాగాలూ మూతగా పనికివస్తాయేమో. నిలువు పగుళ్ళు ఆ మూతను బలహీనపరుస్తాయేమో. ఇవి బోరు వేసి చూస్తే తప్ప తేలనివి.

బోర్లు చెప్పినవి గమనించదగినవి. 1993 సెప్టెంబరు 30న కిల్లారిలో భూకంపం వచ్చాక వేసిన పరిశోధక బోరులో లావా మందం 338 మీటర్లే. దాని కింద 8 మీటర్ల అవక్షేపం, ఆపై ప్రాచీన శిల ఎదురయ్యాయి. కోయనా ప్రాంతపు బోరులో మందం సుమారు 930 మీటర్లు. కింద అవక్షేపమే లేదు. కార్బన్ డయాక్సైడు 31 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి సుమారు 73 రెట్ల పీడనం దాటితే ద్రవంలా చిక్కబడుతుంది. ఆ పీడనానికి సాధారణంగా 800 మీటర్ల లోతు కావాలి. కోయనా దగ్గర లోతుంది గాని భూకంప చరిత్ర ఉంది. 1967 డిసెంబరులో అక్కడ వచ్చిన భూకంపానికి జలాశయమే ప్రేరకమని ఇదే హైదరాబాదు సంస్థకు చెందిన హర్ష్ గుప్తా తదితరుల పరిశోధన స్థాపించింది. నీటి బరువు, పీడనం భూకంపాన్ని ప్రేరేపించగలిగినప్పుడు, లోతున ఒత్తిడితో పంపే వాయువు విషయంలో జాగ్రత్త తప్పదు. నిక్షేపణకు ఆశ కల్పించిన సంస్థే దాని హద్దునూ చూపడం ఇందులో విశేషం. పరిశోధన సంస్థకు నిజాయితీ అంటే ఇదే.

తెలంగాణ వైపు అంచున లావా మరీ పలుచన. తాండూరు పరిసరాల్లో సున్నపురాయి ఉంది, దాన్ని కాల్చే సిమెంటు కర్మాగారాలున్నాయి, సమీపంలో బసాల్టూ ఉంది. వాయువు పుట్టే చోటు, దాన్ని దాచే రాయి ఒకే తాలూకాలో కలిశాయన్న ఉత్సాహం కలగడం సహజం. కాని అక్కడి లావా మందం 800 మీటర్ల లోతును అందుకోదు. పటం మీద కనిపించే సామీప్యాన్ని బోరు నిజం చేయదు.

7. నీటి లెక్క

లోతు చాలని చోట ఐస్‌లాండ్ పద్ధతి ప్రత్యామ్నాయంగా వినిపిస్తుంది. వాయువును ముందే నీటిలో కరిగించి 400 నుంచి 800 మీటర్ల లోతుకు పంపడం ఆ పద్ధతి. దానికి ఒక టన్ను కార్బన్ డయాక్సైడుకు సుమారు 25 టన్నుల నీరు కావాలి. ఈ అంకెను తెలుగు పాఠకుడికి పరిచితమైన కొలతలో చూడాలి. 1000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఏడాదికి ఉరమరగా 60 లక్షల టన్నుల వాయువును వదులుతుంది. దాన్నంతా ఈ పద్ధతిన దాచాలంటే 15 కోట్ల టన్నుల నీరు, అంటే సుమారు 5.3 టీఎంసీలు కావాలి. 1908 మూసీ వరదల తరవాత నగర రక్షణకు, తాగునీటికి కట్టిన ఉస్మాన్ సాగర్ పూర్తి సామర్థ్యం 3.9 టీఎంసీలు. రామగుండంలోని ఎన్టీపీసీ పాత కేంద్రమొక్కటే 2600 మెగావాట్లు.

పంపిన నీటిని అదే రాతి నుంచి తోడి తిరిగి వాడవచ్చునన్నది నిజం. సముద్రపు నీటితోనూ ప్రయోగాలు జరుగుతున్నాయి. కనుక ఈ లెక్క గరిష్ఠ పరిమితే తప్ప తీర్పు కాదు. అయినా వికారాబాదు, తాండూరు, జహీరాబాదు ప్రాంతాల్లో కందికీ పత్తికీ ఆధారమైన నల్లరేగడి ఈ బసాల్టు చివికి ఏర్పడినదే. అక్కడి బోర్లలో నీరు నిలిచేదీ ఆ రాతి పగుళ్ళలోనే. వాయువును దాచాలనుకునే ఖాళీ, రైతు నీటిని వెతికే ఖాళీ ఒకే రాతిలో ఉన్నాయి. లోతు వేరైనా సంబంధం లేదని ముందుగా చెప్పడానికి వీలులేదు.

పరిమాణం కూడా ఆలోచించదగినది. వాలులాలో పంపిన 977 టన్నులు, పైన చెప్పిన 1000 మెగావాట్ల కేంద్రం గంటన్నరలో వదిలే వాయువుకు సమానం. ప్రయోగం విజయవంతమైందనడానికీ, సమస్య తీరిందనడానికీ మధ్య ఎంత దూరముందో ఈ పోలిక చెబుతుంది. 2022 నవంబరులో నీతి ఆయోగ్ కర్బన గ్రహణ, వినియోగ, నిక్షేపణలపై విధాన ప్రణాళికను ప్రకటించాక ఈ రంగంపై ఆసక్తి మళ్ళీ పెరిగింది. ఆసక్తితో పాటు ఈ అంకెలూ చర్చలోకి రావాలి.

8. నిక్షేపం అనే మాట

ఈ శాస్త్రానికి తెలుగులో వాడుతున్న నిక్షేపణ అన్న మాట యాదృచ్ఛికమే అయినా అర్థవంతమైనది. నిక్షేపానికి భాషలో మూడు అర్థాలున్నాయి: భూమిలో దొరికే ఖనిజ రాశి, భూమిలో పాతిన ధనం, ఒకరి దగ్గర నమ్మకంతో ఉంచిన సొత్తు. బొగ్గు నిక్షేపాలన్నప్పుడు మొదటి అర్థం, కర్బన నిక్షేపణ అన్నప్పుడు రెండవది స్ఫురిస్తాయి. మూడవ అర్థాన్ని మనం మరిచాం.

దక్షిణాది దానశాసనాల్లో భూమితో పాటు సంక్రమించే అష్టభోగాలను పేర్కొంటారు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అన్నవి అవి. భూమి అంటే పైన దున్నే పొర మాత్రమే కాదన్న స్పృహ ఈ జాబితాలో ఉంది. రాయీ నీరూ పాతిన సొత్తూ ఒకే హక్కుల మూటలో భాగాలు. కర్బన నిక్షేపణ సరిగ్గా ఈ మూడింటినీ ఒకేసారి తాకుతుంది. 2013లో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో భూగర్భ ఖనిజ హక్కు సాధారణంగా నేల యజమానిదేనని చెప్పింది. ఖనిజం గురించి చెప్పినది రాతిలోని ఖాళీకి ఎంతవరకు వర్తిస్తుందన్నది వేరే ప్రశ్న. అష్టభోగాలను రాసిన శాసనకర్తలు ఆ ప్రశ్నను ఊహించలేదు గాని, దాన్ని అడగడానికి తగిన చట్రాన్ని మిగిల్చారు.

ధర్మశాస్త్రం మరింత సూక్ష్మమైన భేదం చూపింది. మనువు చెప్పిన పద్దెనిమిది వ్యవహార పదాల్లో నిక్షేపం రెండవది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడో శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగుకు తెచ్చాడు. ఆ సంప్రదాయం ప్రకారం ఎదుట లెక్కించి, ఇదీ ఇంత అని చెప్పి అప్పగించినది నిక్షేపం. లోపల ఏముందో చెప్పకుండా మూటకట్టి ముద్రవేసి అప్పగించినది ఉపనిధి. రాజు వల్ల, దైవం వల్ల, దొంగల వల్ల పోతే తప్ప దాచినవాడు బాధ్యత నుంచి తప్పుకోలేడు.

ఈ భేదం నేటి చర్చకు సూటిగా పనికివస్తుంది. ఎంత వాయువు, ఏ లోతున, ఏ పీడనంతో పంపారో, ఎంత ఖనిజంగా మారిందో, ఎంత ఇంకా కదిలే స్థితిలో ఉందో ఊరివారికి తెలిస్తే అది నిక్షేపం. సంస్థల నివేదికల్లో ముద్రవేసి ఉంటే అది ఉపనిధే. దాచినవారు దైవం మీదికి నెట్టగలిగే సందర్భాలూ తగ్గాయి. కోయనా పరిశోధన తరవాత ప్రతి భూకంపాన్నీ దైవికమనడం కుదరదు. ఇక్కడ సొత్తు స్వభావం కూడా తిరగబడింది. పూర్వం దాచినదాన్ని చెడకుండా తిరిగి ఇవ్వడం బాధ్యత. ఈ సొత్తు విషయంలో అది ఎన్నటికీ తిరిగి రాకుండా చూడటమే బాధ్యత. అప్పగించినవారు గతించినా, కంపెనీ మూతపడినా ఆ బాధ్యత ఎవరిదన్నది తేలాలి. బావి తవ్వడానికి ముందే తేలవలసిన విషయమది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు తేటపడుతున్నాయి. నిక్షేపణ శాస్త్రం తవ్వక శాస్త్రానికి ప్రతిపక్షంగా పుట్టలేదు. సింగరేణి పటాలు, మహదేవన్ తరం క్షేత్రకార్యం, చమురు సర్వేలు దానికి పునాదులు. తవ్వకంతో పాటు వచ్చిన అంచనా దోషాలూ, ప్రమాద స్మృతులూ కూడా ఆ వారసత్వంలోనివే. దక్కను బసాల్టు రసాయనికంగా అనుకూలమైనదే. అయితే ఒక్కొక్క చోట దాని మందం, రంధ్రాల స్థితి, భూకంప చరిత్ర, నీటి లభ్యత వేరువేరు. దేశం మొత్తానికి ఒకే సామర్థ్య సంఖ్య చెప్పడం కంటే ఒక్కొక్క బోరు చెప్పేదాన్ని వినడం శాస్త్రీయం. కాలుష్యాన్ని తగ్గించడానికి నిక్షేపణ ప్రత్యామ్నాయం కాజాలదని పరిమాణాల లెక్కే చెబుతోంది. సిమెంటు వంటి, రాయి నుంచే వాయువు పుట్టే పరిశ్రమలకు అది ఒక సహాయక మార్గం కావచ్చు.

భూగర్భ శాస్త్రజ్ఞుల పని ఇంతవరకు రాతితోనే ముడిపడి ఉంది. ఇకపై అది హక్కులతో, భాషతో కూడా ముడిపడుతుంది. అక్కడ తెలుగు పరిశోధకులకు చేయదగిన పని ఉంది. శాసనాల్లోని భూ పరిభాషను, విజ్ఞానేశ్వరీయం వంటి వ్యవహార గ్రంథాలను ఈ కొత్త ప్రశ్నల వెలుగులో తిరిగి చదవడం అందులో మొదటిది. గ్రామసభ ముందు పెట్టవలసిన నివేదికను గ్రామస్థులకు అర్థమయ్యే తెలుగులో రాయగల పరిభాషను సిద్ధం చేయడం రెండవది. లెక్క చెప్పకుండా అప్పగించినదాన్ని నిక్షేపమని మన పూర్వులు అనలేదు. లాడ్ బజార్ చివర నిలిచిన సున్నపు గోడ తనలో దాచుకున్న కర్బనం నాలుగు వందల ఏళ్ళుగా అందరి కళ్ళెదుటే ఉంది. భూమి లోపల దాచబోయేదానికీ అంతటి బహిరంగత ఉండాలని కోరడం న్యాయం.